స్వెటర్ తొడిగిన డ్రమ్ము, మెట్లెక్కిన మైకు

డ్రమ్ములు వాయించేవాళ్లలో చాలామందికి ఒక పిచ్చి ఉంటుంది. ఎప్పుడో యాభై అరవై ఏళ్ల కిందటి రాక్ పాట ఒకటి వింటారు. అందులోని డ్రమ్ము మోత చెవిలో జోరీగలా దూరి ఇక బయటికి రాదు. ఆ పాటకి వాయించినవాడు ఏ కంపెనీ సెట్టు వాడాడు, ఏ సైజు, ఏ సంవత్సరం సరుకు అని కూపీ లాగుతారు. అలాంటిదే పాత లుడ్విగ్ సెట్టు ఎక్కడైనా దొరికితే అప్పు చేసైనా కొంటారు. ఇంటికి తెచ్చి, బిగించి, కర్రతో ఒక్కటి వేస్తారు. మోత బాగానే ఉంటుంది. పాటలో ఉన్న మోత మాత్రం రాదు.

గుడి పులిహోర రుచి నచ్చి, ఏ కొట్లో చింతపండు కొంటారో కనుక్కుని తెచ్చుకున్నట్టుంటుంది వీళ్ల పని. చింతపండు అదే. గుండిగ వేరు, కట్టెల మంట వేరు, కలిపిన చెయ్యి వేరు. రికార్డులో మన చెవిన పడే డ్రమ్ము కూడా అంతే. కర్ర తగిలిన క్షణం నుంచి టేపు మీదికి ఎక్కేదాకా ఆ దెబ్బ అయిదారు చేతులు మారుతుంది. ప్రతి చెయ్యీ దానికి ఏదో ఒకటి కలుపుతుంది, ఏదో ఒకటి తీసేస్తుంది. పాత మోతను మళ్లీ పుట్టించాలంటే ఈ చేతులన్నిటినీ వరస తప్పకుండా వెతికి పట్టుకోవాలి. ఆ వరసలో డ్రమ్ము కొనడం చాలా చిన్న మెట్టు. అంతెందుకు, 1957లో బడీ హాలీ బృందం 'నాట్ ఫేడ్ అవే' రికార్డు చేసినప్పుడు డ్రమ్మర్ జెర్రీ ఆలిసన్ వాయించింది అట్టపెట్టె. 'ఎవ్రీడే' పాటకైతే తన తొడల మీదే దరువేశాడు. ఆ రెండు పాటల మోత కావాలంటే ఏ కంపెనీ సెట్టు కొనాలి?

తోలు దగ్గర మొదలుపెడదాం. ఊరేగింపుకి ముందు మన డప్పు కళాకారులు చేసే మొదటి పని గడ్డి మంట వేసి డప్పు కాచుకోవడం. మంటకి కాస్త దూరంగా పట్టుకుని, తిప్పుతూ, మధ్యమధ్య వేలితో తట్టి చూసుకుంటారు. మెత్తగా 'దబ్' మన్నది కాసేపటికి 'ఠంగ్' మంటుంది. తోలు గాల్లోని తేమను పీల్చుకుంటే వదులవుతుంది, వేడికి ఆ తేమ పోతే ముడుచుకుని బిగుస్తుంది. బిగువు పెరిగితే శ్రుతి పెరుగుతుంది. కానీ సమానంగా పెరగదు: శ్రుతి రెట్టింపు కావాలంటే బిగువు నాలుగింతలు కావాలి. అందుకే కాచేటప్పుడు అంత ఓపిక.

రాక్ సంగీతం పుట్టిన తొలి రోజుల్లో అమెరికా డ్రమ్మర్లదీ ఇదే బాధ. వాళ్ల డ్రమ్ముల మీద ఉన్నది దూడతోలు. వాన పడితే జారిపోయేది, స్టూడియో దీపాల వేడికి బిర్రబిగిసేది. 1950ల్లో డ్యూపాంట్ కంపెనీ మైలార్ అనే పాలియెస్టర్ పొరను బజారులోకి తెచ్చింది. రెమో బెల్లీ అనే డ్రమ్మరు 1957లో ఆ పొరతో డ్రమ్ము హెడ్లు తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. వానకీ ఎండకీ చలించని హెడ్డు అది. అందరూ దానికే మారిపోయారు.

మారడం వల్ల పోయింది కూడా ఒకటుంది. తోలు మందంగా ఉంటుంది, దాని నార ఒకదానితో ఒకటి రాసుకుంటుంది. ఆ రాపిడి సన్నటి కీచు స్వరాలను చప్పున తినేస్తుంది. మైలార్ అలా తినదు, మోగుతూనే ఉంటుంది. 1969లో 'ఆబీ రోడ్' ఆల్బమ్ చేస్తున్నప్పుడు బీటిల్స్ డ్రమ్మర్ రింగో స్టార్ దగ్గరున్న కొత్త మేపుల్ చెక్క సెట్టుకి దూడతోలు హెడ్లున్నాయి. ఆ ఆల్బమ్‌లో టామ్ అనే డ్రమ్ములు అంత గుండ్రంగా, బరువుగా మోగడానికి ఒక కారణం అదే. ఆ మోత కోసం ఇవాళ ప్లాస్టిక్ హెడ్లు బిగించి తలబాదుకునేవాళ్లు మొట్టమొదటి మెట్టు దగ్గరే తప్పిపోయారన్నమాట.

తోలైనా ప్లాస్టిక్కయినా, గుండ్రటి పొరకి పుట్టుకతో ఒక అవలక్షణం ఉంది. వీణ తీగను మీటితే ఒక మూల స్వరం, దానితోపాటు సరిగ్గా రెండింతలు, మూడింతలు, నాలుగింతల పౌనఃపున్యం ఉన్న ఉపస్వరాలు పుడతాయి. వాటి మధ్య పొత్తు కుదురుతుంది, చెవికి ఒకే స్వరంలా వినిపిస్తుంది. గుండ్రటి పొర అలా కాదు. మూల కంపనం 1 అనుకుంటే తరవాతివి 1.59, 2.14, 2.30, 2.65, 2.92. ఒకదానికొకటి పొసగని గుంపు. అందుకే మామూలు డ్రమ్ముకి పాడగలిగే స్వరం ఉండదు, మోత మాత్రమే ఉంటుంది.

ఈ గుంపును దారిలో పెట్టినవాళ్లు మనవాళ్లు. మృదంగం, తబలా మధ్యలో నల్లటి పూత దట్టించి, ఉపస్వరాలను దాదాపు పూర్ణాంకాల దగ్గరికి లాక్కొచ్చారు. ఎందుకలా అవుతుందో మొదట శాస్త్రీయంగా చూపించింది విశాఖపట్నంలో బడి చదువు చదివిన సి.వి. రామన్. శివకాళి కుమార్‌తో కలిసి 1920లో 'నేచర్' పత్రికలో చిన్న వ్యాసం, 1934లో విడిగా పెద్ద వ్యాసం రాశారు.

రాక్ డ్రమ్మర్ల దగ్గర ఆ పూత లేదు. పొసగని స్వరాలను వాళ్లు దారిలో పెట్టలేదు, నోరు నొక్కారు. గుడ్డలతో.

1966 ఏప్రిల్ 6, లండన్‌లో ఇ.ఎమ్.ఐ. స్టూడియో. ఇప్పుడు మనం ఆబీ రోడ్ అంటున్నది అదే. బీటిల్స్‌కి సౌండ్ ఇంజినీరుగా జెఫ్ ఎమెరిక్‌కి అది తొలి రోజు. వయసు ఇరవై. పాట 'టుమారో నెవర్ నోస్'. రింగో బేస్ డ్రమ్ము తొక్కితే 'బూమ్' అని సాగుతోంది. ఎమెరిక్‌కి ఆ సాగుడు అక్కర్లేదు. అక్కడ నాలుగు మెడలున్న ఉన్ని స్వెటర్ ఒకటి కనిపించింది. తీసి బేస్ డ్రమ్ములో కుక్కేశాడు. 'బూమ్' కాస్తా 'దబ్' అయింది.

ఉన్ని చేసే పనేమిటంటే, కదిలే గాలి ఆ పోగుల సందుల్లోంచి దూరేటప్పుడు రాపిడి పుడుతుంది, కదలికలో ఉన్న శక్తి కాస్త వేడిగా మారి పోతుంది. గుడ్డ హెడ్డుకి ఆనుకుని ఉంటే హెడ్డు కదలికనే నేరుగా పట్టి ఆపుతుంది. దెబ్బ మొదలు అలాగే ఉంటుంది, తోక తెగిపోతుంది. గుడ్డను ఎక్కడ పెట్టామన్నదీ ముఖ్యమే. మూల కంపనంలో హెడ్డు నడిమధ్యన ఎక్కువగా ఊగుతుంది, అంచు దగ్గర దాదాపు కదలదు. పై స్వరాలు అంచు దాకా అలల్లా పాకుతాయి. కాబట్టి అంచున చిన్న గుడ్డ వేస్తే కీచు స్వరాలు చస్తాయి, అడుగు స్వరం బతుకుతుంది. హెడ్డంతా కప్పితే అన్నీ చస్తాయి. 'కమ్ టుగెదర్' పాట నాటికి రింగో టామ్‌ల మీద టీ తువ్వాళ్లు పరిచి వాయించేవాడు. కప్పులు తుడుచుకునే వంటింటి గుడ్డలే.

ఎమెరిక్ ఇంకో అపచారం చేశాడు. స్టూడియో నిబంధన ప్రకారం బేస్ డ్రమ్ముకి మైకు రెండడుగుల లోపల పెట్టకూడదు. మైకు లోపలి పొరను గాలి దెబ్బ చింపేస్తుందని భయం. ఆ భయం ఉత్తది కూడా కాదు: ఆ రోజుల్లో స్టూడియోలో తిరిగే రిబ్బన్ మైకుల్లో ఉండేది మన వెంట్రుకలో ఎన్నో వంతు పలచనైన అల్యూమినియం రేకు, గట్టిగా ఊదినా పాడైపోతుంది. ఎమెరిక్ వాడింది మరీ అంత సుకుమారి కాదు, ఎ.కె.జి. డి-20 అనే డైనమిక్ మైకు. దాన్ని జరిపి మూడంగుళాల దూరంలో పెట్టాడు. పెద్దాఫీసుకి సంగతి తెలిసింది. చివరికి బీటిల్స్ రికార్డింగులకి మాత్రమే అలా చెయ్యవచ్చని ఉత్తరం ఇచ్చారు. ప్రభుత్వాఫీసు ఎక్కడైనా ప్రభుత్వాఫీసే అనుకున్నాను అది చదివినప్పుడు. అది ప్రైవేటు కంపెనీ అని తరవాత గుర్తొచ్చింది.

రెండడుగుల నుంచి మూడంగుళాలంటే దూరం ఎనిమిదో వంతు. దూరం సగమైనప్పుడల్లా శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది అనుకుంటే, ఇక్కడ మూడుసార్లు సగమైంది, అంటే దాదాపు 18 డెసిబెల్స్. అసలు విశేషం ఆ పెరుగుదలలో లేదు. డ్రమ్ము శబ్దం పెరిగింది, గది శబ్దం పెరగలేదు. అంటే గది వెనక్కి పోయింది. పైగా ఒక దిక్కుకే చెవి పెట్టే మైకులకి మరో గుణం ఉంది: శబ్దం పుట్టేచోటుకి మరీ దగ్గరైతే మంద్ర స్వరాలను ఉన్నదానికన్నా ఎక్కువ చేసి వినిపిస్తాయి. ఆకాశవాణిలో వార్తలు చదివేవాళ్లు మైకుకి దగ్గరగా వంగితే గొంతు గంభీరంగా మారేది చూడండి, ఆ సంగతే ఇది. స్వెటర్ తోక కత్తిరించింది, మైకు పొట్ట పెంచింది.

అక్కణ్నుంచి ఆ దెబ్బ వాల్వుల మిక్సర్‌లోకి, మిక్సర్ నుంచి ఫెయిర్‌చైల్డ్ 660 అనే బరువైన పెట్టెలోకి వెళ్లింది. దాన్ని లిమిటర్ అంటారు. ఫెయిర్‌చైల్డ్ పెట్టెలు అసలు పుట్టింది గ్రామఫోన్ రికార్డు మీద గాడులు చెక్కే పని కోసం. శబ్దం హద్దు మీరితే చెక్కే సూది పక్క గాడిలోకి దూకుతుంది, అలా దూకకుండా మీరిన శబ్దాన్ని తల మీద మొట్టి కూర్చోబెట్టే పెట్టె. ఎమెరిక్ దీన్ని కాపలాకి కాకుండా వాయిద్యంలా వాడాడు. డ్రమ్ములన్నిటినీ అందులోకి తోసి, అది ఊపిరాడక కొట్టుకునేంతగా నొక్కాడు.

దాని అత్యంత వేగవంతమైన అమరికలో శబ్దం హద్దు దాటిన 0.2 మిల్లీసెకన్లలో పట్టు బిగుస్తుంది, ఆ పట్టు వదలడానికి 0.3 సెకన్లు పడుతుంది. ఈ రెండు అంకెల మధ్యే ఆ పాత మోత కిటుకంతా ఉంది. దెబ్బ పడగానే పెట్టె అంతటినీ అణుస్తుంది. దెబ్బ చల్లారుతుంటే మెల్లిగా పట్టు వదులుతుంది, అంటే చల్లారే శబ్దాన్ని పైకి లేపుతుంది. మామూలుగా మోగి తగ్గిపోవలసిన సింబల్ తగ్గకుండా ఉబ్బుతుంది. మరో దెబ్బ పడగానే మళ్లీ కిందికి. డ్రమ్ములన్నీ ఒక్క ఊపిరితో పీలుస్తూ వదులుతున్నట్టు వినిపిస్తాయి. ఆ పెట్టె లేకుండా, కర్రతో ఎంత గట్టిగా కొట్టినా, ఈ ఊపిరి రాదు. ఇంకో సంగతి, పెట్టె వేగం మారదు కాబట్టి దరువు వేగాన్ని బట్టి ఊపిరి తీరు మారుతుంది. అదే పెట్టెతో, అదే అమరికతో వేరే వేగంలో వాయిస్తే మోత వేరేగా వస్తుంది. పాత అమరికలను అంకెలతో సహా కాపీ చేసేవాళ్లు తరచు బోల్తా పడేది ఇక్కడే.

చివరి చెయ్యి టేపుది. ప్లాస్టిక్ పట్టీ మీద ఐరన్ ఆక్సైడ్ పొడి. అయస్కాంతంగా మారడానికి ఆ పొడికి ఒక పరిమితి ఉంది, దగ్గరపడే కొద్దీ అది మొరాయిస్తుంది. మొరాయింపు హఠాత్తుగా రాదు, మెల్లిగా వస్తుంది. అందుకే డ్రమ్ము దెబ్బలోని పదునైన శిఖరం టేపు మీద విరగదు, అరుగుతుంది. కంప్యూటర్‌లో అదే శిఖరం హద్దు దాటితే కత్తితో కోసినట్టు తెగి, చెవిలో గుచ్చుకుంటుంది. ఆ స్టూడియోలో టేపు సెకనుకి 15 అంగుళాలు, అంటే 38 సెంటీమీటర్లు నడిచేది. ఆ వేగంలో 10,000 హెర్ట్జ్ స్వరం ఒక్కో అల టేపు మీద పట్టే చోటు 0.038 మిల్లీమీటర్లు, వెంట్రుక మందంలో ఇంచుమించు సగం. అంత సన్నటి రాతను టేపు యంత్రం హెడ్డు పూర్తిగా చదవలేదు, టేపు కాస్త అరిగినా అదే ముందు పోతుంది.

పైగా అప్పుడున్నవి నాలుగు ట్రాకులు. నాలుగూ నిండితే, వాటిని కలిపి మరో టేపు మీద ఒకటో రెండో ట్రాకుల్లోకి దించి, ఖాళీ అయిన చోట కొత్తవి రికార్డు చేసేవాళ్లు. ముందు రికార్డయిన డ్రమ్ములే ఎక్కువసార్లు ఇలా దిగేవి. నకలుకి నకలు తీసిన జిరాక్స్ కాగితంలా, దించిన ప్రతిసారీ అంచులు కాస్త చెదిరేవి. మనం 'పాత కాలపు వెచ్చదనం' అని మురిసిపోయేదానిలో కొంత, నిజం చెప్పాలంటే, ఈ అరుగుదలే.

టేపుతో మరో ఆట ఉంది. వేగంగా వాయించి రికార్డు చేసి, టేపును నెమ్మదిగా నడపడం. ఎమెరిక్ పని మొదలుపెట్టిన ఆ ఏప్రిల్‌లోనే 'రెయిన్' పాటకి అలా చేశారు. టేపు వేగం పదో వంతు తగ్గిస్తే ప్రతి పౌనఃపున్యమూ పదో వంతు దిగుతుంది, అంటే దాదాపు రెండు స్వరస్థానాలు. దెబ్బ చల్లారడానికి పట్టే సమయం ఆ మేరకు సాగుతుంది. చెవికి అది ఇంకా పెద్ద డ్రమ్ములా, ఇంకా బరువైన చేతిలా తోస్తుంది. ఆ సైజు డ్రమ్ము లోకంలో ఎక్కడా లేదు. కొనడానికి బజారుకి వెళ్తే దొరకదు.

ఇదంతా దగ్గరికి జరిగే విద్య. దీనికి సరిగ్గా తిరగబడ్డ విద్య అయిదేళ్లు తిరక్కుండానే వచ్చింది.

ఇంగ్లండ్‌లో హాంప్‌షైర్ జిల్లాలో హెడ్లీ గ్రేంజ్ అని ఒక పాత భవనం. 1795లో నిరుపేదలను ఉంచడానికి కట్టింది. 1970 చివర్లో లెడ్ జెపెలిన్ బృందం అందులో దిగింది. స్టూడియో లేదు, రోలింగ్ స్టోన్స్ వాళ్ల రికార్డింగ్ లారీ వాకిట్లో నిలబడి ఉంది. డ్రమ్మర్ జాన్ బోనమ్ సెట్టును కింద హాల్లో, మెట్ల మొదట్లో వేశారు. అతని బేస్ డ్రమ్ము 26 అంగుళాలు. రింగోలా గుడ్డలు కప్పే అలవాటు లేదు, రెండు వైపులా హెడ్లు బిగించి బారుగా మోగనిచ్చేవాడు. ఇంజినీర్ ఆండీ జాన్స్ డ్రమ్ముల దగ్గర మైకులు పెట్టడం మానేసి, బేయర్ ఎం-160 రిబ్బన్ మైకులు రెండు తీసుకుని మెట్లెక్కాడు. పై అంతస్తు నుంచి కిందికి వేలాడదీశాడు. ఆ రెండింటినీ లిమిటర్లతో నొక్కి, బిన్సన్ ఎకోరెక్ అనే ఇటలీ ప్రతిధ్వని యంత్రం కలిపారు. 1971 నవంబరులో వచ్చిన వాళ్ల నాలుగో ఆల్బమ్‌లో 'వెన్ ద లెవీ బ్రేక్స్' మొదలయ్యేది ఆ మోతతోనే. 1986లో బీస్టీ బాయ్స్ వాళ్లు దాన్ని ఉన్నపళంగా కత్తిరించి తమ పాటకి వాడుకున్నారంటే, మళ్లీ పుట్టించడం కన్నా ఎత్తుకుపోవడం సులువని తోచి ఉండాలి.

ఇక్కడ వాయిద్యం భవనమే. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు నడుస్తుంది. తొమ్మిది మీటర్లు పైకి రావడానికి 26 మిల్లీసెకన్లు. ఆ వెనకే మెట్లకి, గోడలకి, కప్పుకి తగిలి వందల ప్రతిధ్వనులు. ముప్పై నలభై మిల్లీసెకన్ల లోపు వచ్చినవాటిని మన చెవి విడదీసి వినలేదు, అసలు దెబ్బలోనే కలిపేసుకుని దెబ్బే లావుగా ఉందనుకుంటుంది. ఆలస్యంగా వచ్చినవి తోకలా వినిపిస్తాయి. ఆ తోకను లిమిటర్ పైకి లేపుతుంది.

దీన్ని నేను నమ్మలేక మా అపార్ట్‌మెంటులోనే ఒకసారి చూశాను. వీధి చివరి భజన మండలి వాళ్ల ఢోలక్ అడిగి తెచ్చి, మెట్ల కింద పార్కింగులో కూర్చున్నాను. మొదట ఫోను నాలుగంగుళాల దూరంలో, ఢోలక్ మీద తువ్వాలు. తరవాత తువ్వాలు తీసేసి, ఫోనును మూడో అంతస్తు మెట్ల మలుపులో పెట్టి కిందికొచ్చి వాయించాను. వాయించాను అంటే కొట్టాను, నాకు వాయించడం రాదు. మొదటిది విన్నప్పుడు ఎవరో పరుపు దులుపుతున్నట్టుంది. రెండోది వినేసరికి ఒళ్లు జలదరించింది. ఎవరో రాక్షసుడు గుహలో అడుగులు వేస్తున్నాడు. తరవాత తట్టింది, మన ఫోన్ల రికార్డర్లు చాలావరకు శబ్దం తగ్గినప్పుడల్లా దానంతట అవే పెంచేస్తాయి. అంటే జేబులో ఉన్నది ఒక రకం లిమిటరే. నాలుగోసారి కొట్టేటప్పుడు పైనుంచి పెద్దాయన ఒకరు తొంగి చూశారు.

"ఏం బాబూ, వినాయక చవితికి ఇంకా నెలుందిగా?"

"ప్రయోగమండీ."

"ఆ ప్రయోగమేదో గ్రౌండులో చేసుకోరాదూ?"

గ్రౌండులో చేస్తే రాదండీ, గోడలుండాలి అని చెప్పబోయి ఊరుకున్నాను.

ఆండీ జాన్స్ అన్న గ్లిన్ జాన్స్‌ది మూడో దారి. డ్రమ్ములకి మరీ దగ్గర కాదు, మెట్లంత దూరమూ కాదు. స్నేర్ డ్రమ్ముకి నెత్తిన ఒక మైకు, కుడిపక్కన పెద్ద టామ్ దగ్గర ఒకటి, బేస్ డ్రమ్ము ముందు ఒకటి. 1968లో లెడ్ జెపెలిన్ మొదటి ఆల్బమ్ చేస్తూ అనుకోకుండా దీన్ని కనిపెట్టాడాయన. ఈ పద్ధతిని అనుకరించేవాళ్లు మైకుల కంపెనీ గురించి తెగ వాదించుకుంటారు. పనికొచ్చేది టైలరు టేపు. నెత్తి మైకూ పక్క మైకూ స్నేర్ నడిమధ్య నుంచి సమాన దూరంలో ఉండాలి. 34 సెంటీమీటర్లు తేడా వస్తే ఒక మైకుకి దెబ్బ మిల్లీసెకను ఆలస్యంగా అందుతుంది. రెండింటినీ కలిపితే 500, 1500, 2500 హెర్ట్జ్ దగ్గర ఒకదాని అల పైకీ ఒకదాని అల కిందికీ ఉండి రెండూ కొట్టుకుపోతాయి. స్నేర్ దెబ్బ డొల్లగా, రేకు డబ్బాలా వినిపిస్తుంది. టేపు లేకపోతే మైకు వైరునే స్నేర్ మీద వేలితో నొక్కిపట్టి కొలుస్తారు. రెండు వేల రూపాయల మైకులు కూడా సరిగ్గా కొలిచి పెడితే, లక్షల మైకులు అడ్డదిడ్డంగా పెట్టినదానికన్నా బాగుంటాయని నా అభిప్రాయం. లక్షల మైకులు కొన్నవాళ్లు ఒప్పుకోరు.

పాత చేతులన్నిటినీ అలాగే నిలబెట్టుకున్నవాళ్లు కొందరున్నారు. లండన్‌లో టోరాగ్ స్టూడియో ఒకటి. వైట్ స్ట్రైప్స్ బృందం 'ఎలిఫెంట్' ఆల్బమ్‌ను 2002లో ఎక్కువభాగం అక్కడే, కంప్యూటర్ ముట్టకుండా ఎనిమిది ట్రాకుల టేపు మీద చేశారు. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో డాప్‌టోన్ వాళ్లది మరొకటి. గాయని ఎమీ వైన్‌హౌస్ 'బ్యాక్ టు బ్లాక్' పాటల్లో కొన్నిటికి వాద్యం వాయించిన బృందం వాళ్లదే. ఈ దారిలో వెళ్లేవాళ్లకి టేపు ఖర్చు, వాల్వుల కొరత, రిపేరు చేసేవాడి కోసం తిరగడం, అన్నీ ఉంటాయి.

మిగతా లోకం కంప్యూటర్ దారి పట్టింది. గదిని పట్టి తేవడం అందులో సులువైన పని. గుడి మండపంలో ఒక్కసారి చప్పట్లు కొడితే వచ్చే ప్రతిధ్వనుల వరసే ఆ మండపం జాతకం. ఏ శబ్దాన్నైనా లెక్కలేనన్ని చిన్నచిన్న చప్పట్ల వరసగా ఊహించుకోవచ్చు. ఒక్కో చప్పట్టుకీ ఆ జాతకాన్ని తగిలించి అన్నీ కూడితే, మన గదిలో కొట్టిన డ్రమ్ము ఆ మండపంలో కొట్టినట్టు వినిపిస్తుంది. చప్పట్లకి బదులు అడుగు నుంచి పైదాకా జారే స్వరం ఒకటి వినిపించి కొలుస్తారు, అంతే తేడా.

కానీ ఈ లెక్క గదికే చెల్లుతుంది. గదికి పక్షపాతం లేదు, చిన్న దెబ్బకి చిన్న ప్రతిధ్వని, పెద్ద దెబ్బకి అదే నిష్పత్తిలో పెద్ద ప్రతిధ్వని. లిమిటర్, టేపు అలాంటివి కావు. చిన్న దెబ్బకి ఒక మర్యాద, పెద్ద దెబ్బకి మరో మర్యాద. పైగా లిమిటర్ ఇప్పుడేం చేస్తుందన్నది కాసేపటి కిందట ఏం విన్నదన్న దాని మీద ఆధారపడుతుంది. ఒక్క చప్పట్టుతో దాని జాతకం చిక్కదు. అందుకే పాత పెట్టెల లోపలి వాల్వు వాల్వుకీ సమీకరణాలు రాసి, అచ్చం అలా నడిచే సాఫ్ట్‌వేర్లు తయారుచేశారు. ఫెయిర్‌చైల్డ్‌కి ఉన్నాయి, ఆబీ రోడ్ టేపు యంత్రాలకీ ఉన్నాయి. ఆబీ రోడ్‌లోనే 1960ల సెట్లను పెట్టి దెబ్బ దెబ్బనూ రికార్డు చేసిన శబ్దాల సంచి కూడా అమ్ముతున్నారు. కీబోర్డు మీట నొక్కితే ఆ దెబ్బ. మన సినిమా పాటల కంపోజింగ్ గదుల్లో కూర్చున్నవాళ్లకి ఇవి కొత్తేమీ కావు.

2022లో దారి మరో మలుపు తిరిగింది. 'రివాల్వర్' ఆల్బమ్‌ను కొత్తగా మిక్స్ చెయ్యడానికి గైల్స్ మార్టిన్ కూర్చున్నాడు. ఆనాడు ఆ ఆల్బమ్ చేసిన జార్జ్ మార్టిన్ కొడుకు. 'ట్యాక్స్‌మాన్' పాటలో గిటారు, బేస్ గిటారు, డ్రమ్ములు మూడూ ఒకే ట్రాకులో అతుక్కుని ఉన్నాయి. వండిన కూరలోంచి ఉప్పు విడిగా తీసే పని అది. సినిమా దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం తయారుచేసిన యంత్రాభ్యాస సాఫ్ట్‌వేర్ ఆ పని చేసింది. ఏది డ్రమ్ము, ఏది గిటారు అని విని నేర్చుకున్న యంత్రం మూడింటినీ మూడు చోట్లకి విడదీసింది. ఎమెరిక్ నొక్కి, అణిచి, అంటించిన మోతను విప్పి చూసే అవకాశం తొలిసారి వచ్చింది.

విప్పి చూసేకొద్దీ కనిపించేది మనిషే. రింగో పుట్టు ఎడమచేతి వాటం, వాయించింది కుడిచేతి వాటం సెట్టు మీద. టామ్‌ల మీద చుట్టు తిరగాలంటే అందరూ వెళ్లే వైపు చెయ్యి తేలిగ్గా వెళ్లదు. అక్కడ పుట్టే ఆ వెంట్రుకవాసి ఆలస్యం ఏ పెట్టెలోనూ లేదు. బోనమ్ విషయంలో అది ఇంకా తమాషా. అతని కాలి కింద ఉన్నది లుడ్విగ్ స్పీడ్ కింగ్ పెడల్. కీచుమనడంలో దానికి పెద్ద పేరు. 1970 నాటి 'సిన్స్ ఐవ్ బీన్ లవింగ్ యూ' పాటను హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి, బేస్ డ్రమ్ము దెబ్బల పక్కనే ఎలుకపిల్లలా కీచు కీచుమంటూ ఆ పెడల్ వినిపిస్తుంది. ఎవరూ నూనె వెయ్యలేదు, ఎవరూ తుడిచెయ్యలేదు, రికార్డు అలాగే బయటికొచ్చింది.

నాకు తెలిసిన డ్రమ్మరు ఒకతను పాత స్పీడ్ కింగ్ పెడల్ ఒకటి సంపాదించాడు. అదీ కీచుమంటోంది. కుట్టుమిషను నూనె సీసా పక్కనే పెట్టుకుని వారం రోజులుగా ఆలోచిస్తున్నాడు. వెయ్యొద్దనే చెప్పాను.